డొమైన్ మారడానికి అయిదు రోజులు, ఆగిపోవడానికి ఒక పాత ఈమెయిల్

(చిన్న వ్యాపారులు, వెబ్ డిజైనర్ల కోసం విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారమండీ. డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ పేరు, దాని రెన్యువల్ బిల్లు చూసి గుండె గుభేలుమన్నవాళ్లు ఎంతమందో ఒకసారి చేతులెత్తండి. సగం హాలు ఎత్తింది. మిగతా సగానికి ఇంకా రెండో ఏడాది రాలేదన్నమాట.

మొదటి ఏడాది 99 రూపాయలకే డాట్ కామ్ అని ప్రకటన ఇస్తారు. రెండో ఏడాది జీఎస్టీతో కలిపి వెయ్యి దాటిపోతుంది. ఇందులో దొంగలెక్క ఏమీ లేదు. డాట్ కామ్ పేర్లన్నీ వెరిసైన్ అనే అమెరికా కంపెనీ నడిపే రిజిస్ట్రీలో, అంటే పేర్ల పట్టికలో, ఉంటాయి. మీకు పేరు అమ్మిన రిజిస్ట్రార్ ఒక్కో పేరుకీ ఏడాదికి ఇంత అని వాళ్లకు కట్టాలి. 2024 సెప్టెంబరులో ఆ రేటు 10.26 డాలర్లు అయింది. పది డాలర్ల సరుకును 99 రూపాయలకు అమ్మినవాడు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. ‘వీళ్లెక్కడ మారతారులే’ అని వాడి ధీమా. ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకొకరికి పేరు మార్చుకోవడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. అదెలాగో ఇవాళ చెప్పుకుందాం.

నేను హోస్టింగ్, అంటే వెబ్‌సైట్లు ఉంచే సర్వర్ల సేవ, దాని సపోర్ట్‌లో పనిచేస్తాను. ‘ట్రాన్స్‌ఫర్ ఆగిపోయిందండీ’ అంటూ వచ్చే ఫోన్లే నాకు రోజూ. వాటిలో చాలావాటికి కారణం సర్వర్లూ కాదు, సాఫ్ట్‌వేరూ కాదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి ఈమెయిల్ ఉంది, అది ఇప్పటికీ తెరుచుకుంటుందా అన్నదే అసలు సంగతి. ఇవాళ ఎటు తిరిగినా మళ్లీ అక్కడికే వస్తాం.

ముందు ఇందులో ఎవరెవరు ఉన్నారో చూద్దాం. పేరు వాడుకునే మీరు ఒకరు. మీ దగ్గర డబ్బు తీసుకుని నమోదు చేసే రిజిస్ట్రార్ ఇంకొకరు. ఆ నమోదులన్నీ ఉండే రిజిస్ట్రీ మూడోది. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటివాటికి వీళ్లంతా పాటించాల్సిన రూల్స్ పెట్టేది ఐకాన్ అనే సంస్థ. 1998లో పుట్టింది. మన ఊళ్లలో వీళ్లు కాక ఇంకొకాయన ఉంటాడు. రీసెల్లర్, రిజిస్ట్రార్ సరుకును తిరిగి అమ్మేవాడు. మీ వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడు చాలాసార్లు ఇతనే, లేదా ఇతని దగ్గర కొన్నవాడు. ఐకాన్ నేరుగా ఒప్పందం చేసుకునేది రిజిస్ట్రార్‌తో, రీసెల్లర్‌తో కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొబైల్ నంబర్ పోర్ట్ చేసుకోవడం మీకందరికీ తెలుసు. 1900కి మెసేజ్ పెడితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, అది పట్టుకెళ్లి కొత్త కంపెనీకి ఇస్తాం. డొమైన్‌దీ ఇంచుమించు అదే దారి. పాత రిజిస్ట్రార్ దగ్గర, పేరు కదలకుండా వేసిన లాక్ తీయించి, కోడ్ తెచ్చుకుని, కొత్త రిజిస్ట్రార్‌కి ఇచ్చి డబ్బు కట్టడం. ఒక తేడా ఉంది. నంబర్ పోర్ట్ చేస్తే సిమ్ మీ చేతిలో ఉంటుంది, కొత్త కంపెనీవాడు మీ ఆధార్ చూస్తాడు. డొమైన్ విషయంలో మీ మొహం ఎవరూ చూడరు. కోడ్ ఎవరు తెస్తే పేరు వాళ్లదే అనుకుంటుంది రిజిస్ట్రీ.

ఇది మొదట్నుంచీ ఇలా లేదు. 1999 వరకూ డాట్ కామ్ కావాలంటే నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఒక్కటే దిక్కు. మారడానికి రెండో కంపెనీయే లేనప్పుడు మారే ప్రశ్న ఎక్కడిది? తర్వాత పోటీ వచ్చింది. పోటీతోపాటు, వెళ్లిపోతామన్న కస్టమర్‌ని ఏదో ఒక వంకతో ఆపడమూ వచ్చింది. దానికి విరుగుడుగా ఐకాన్ కొత్త ట్రాన్స్‌ఫర్ విధానం తెచ్చింది, 2004 నవంబరు 12న అమల్లోకొచ్చింది. పాత రిజిస్ట్రార్ అయిదు రోజుల్లో సరైన కారణం చూపి అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అన్నది అందులో ముఖ్యమైన మాట. మౌనం అర్ధాంగీకారం అంటారే, ఇక్కడ పూర్తి అంగీకారమే.

రెండు నెలలు తిరక్కుండానే దీని రెండో మొహం బయటపడింది. న్యూయార్క్‌లో పానిక్స్ అని 1989 నుంచి ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్న కంపెనీ ఉంది. 2005 జనవరిలో ఒక శనివారం నాటికి వాళ్ల పానిక్స్ డాట్ కామ్ వాళ్లది కాకుండా పోయింది. యాజమాన్యం ఆస్ట్రేలియాలో, సైటూ మెయిలూ ఎక్కడున్నాయో చెప్పే డీఎన్ఎస్ రికార్డులు బ్రిటన్‌లో, కస్టమర్ల మెయిల్ కెనడాలో ఎక్కడికో. ఒక్క పేరు పోతే దాని మీద నడిచే ఈమెయిల్ అడ్రస్‌లన్నీ పోయినట్టే కదా. పేరు ఎవరి దగ్గర తేలిందో ఆ రిజిస్ట్రార్ మెల్‌బోర్న్‌లో. వారాంతం సెలవు. వాళ్లకు సోమవారం తెల్లవారి ఆఫీసు తెరిస్తేగానీ పేరు వెనక్కి రాలేదు. దొంగిలించిన క్రెడిట్ కార్డు వివరాలతో ఒక రీసెల్లర్ దగ్గర ఎవరో ఖాతా తెరిచారు. అసలు యజమాని ఒప్పుకున్నాడా లేదా అని చూడాల్సిన పని ఆ రీసెల్లర్ దగ్గర జరగలేదు. ఇప్పుడు ప్రతి రిజిస్ట్రార్‌కీ ఇలాంటి వాటికోసం ఒక అత్యవసర కాంటాక్ట్ ఉండాలి, ఇంకో రిజిస్ట్రార్ పిలిస్తే నాలుగు గంటల్లో పలకాలి. ఆ రూల్ వచ్చింది 2012లో. ఏడేళ్లు పట్టింది, చూడండి.

లాక్, కోడ్ అనే రెండు తాళాలు ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా. లాక్ ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. పేరు వివరాలు వెతికి చూసే ఈ పద్ధతిని ఇదివరకు హూఈజ్ అనేవాళ్లు. 2025 జనవరి 28 నుంచి డాట్ కామ్ లాంటి పేర్లకు ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి దాని చోట్లోకి వచ్చింది. ఐకాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొడితే స్టేటస్ అనే వరస కనిపిస్తుంది. అక్కడ ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ అని ఉంటే అది మీ రిజిస్ట్రార్ వేసిన లాక్. మీ అకౌంట్లో ఒక బటన్ నొక్కితే పోతుంది. మొదటి మాట క్లయింట్ కాక ‘సర్వర్’ అని ఉంటే లాక్ వేసింది రిజిస్ట్రీ. అప్పుడు మీ బటన్ పనిచేయదు, వెనక ఇంకేదో కథ ఉందని అర్థం. అకౌంట్లో బటన్లు పెట్టకుండా ‘మమ్మల్ని అడగండి’ అనే రిజిస్ట్రార్లూ ఉన్నారు. అడిగిన అయిదు రోజుల్లో లాక్ తీసి కోడ్ ఇవ్వాల్సిందే, అది రూల్.

కోడ్ గురించి ఒక చిన్న ముచ్చట. ఈ కోడ్‌లో అక్షరాలు, అంకెలతోపాటు స్టార్, అండర్‌స్కోర్ లాంటి గుర్తులు కూడా ఉంటాయి. మనవాళ్లు దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో ‘ఇదిగో బ్రదర్’ అని పంపిస్తారు. రెండు స్టార్ల మధ్య ఏముంటే వాట్సాప్ దాన్ని బోల్డ్ చేసి, స్టార్లు రెండూ మాయం చేస్తుంది. అటువైపు చూసేవాడికి రెండు గుర్తులు తక్కువ. కొత్త రిజిస్ట్రార్ దగ్గర పెడితే ‘ఇన్‌వాలిడ్ కోడ్’. పాతవాడు కావాలనే తప్పుడు కోడ్ ఇచ్చాడని తిట్టుకుంటారు. ఆ తిట్లలో సగం వాట్సాప్‌కి చెందాలి. అందుకని కోడ్‌ని ఎవరికీ పంపకండి, వచ్చిన మెయిల్లోంచి మీరే కాపీ చేసి మీరే పెట్టుకోండి. చివర్లో ఖాళీ స్పేస్ పడకుండా చూసుకోండి.

పంపొద్దనడానికి అంతకంటే పెద్ద కారణం ఉంది. 2018కి ముందు కొత్త రిజిస్ట్రార్ కూడా రికార్డులో ఉన్న ఈమెయిల్‌కి రాసి ‘నిజంగా మారుతున్నారా’ అని అడిగేవాడు. ఆ ఏడాది మే నెలలో యూరప్ డేటా చట్టం వచ్చాక ఈమెయిళ్లు బయటికి కనపడకుండా పోయాయి. కనపడని అడ్రస్‌కి ఎలా రాస్తాడు? ఆ అడగడం ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు కొత్త రిజిస్ట్రార్ చూసేదల్లా కోడ్ సరైనదా కాదా అన్నదే.

కోడ్ ఇచ్చి డబ్బు కట్టాక రిజిస్ట్రీలో మీ పేరు ‘పెండింగ్ ట్రాన్స్‌ఫర్’ అయిపోతుంది. పాత రిజిస్ట్రార్‌కి కబురు వెళ్తుంది. వాళ్లు రికార్డులో ఉన్న ఈమెయిల్‌కి ఒక మెయిల్ పంపాలి. మా ఆఫీసుకి ఎక్కువ ఫోన్లు వచ్చేది ఈ మెయిల్ గురించే. చాలామందికి అది బెదిరింపులా కనిపిస్తుంది. ‘మీ డొమైన్ వేరే కంపెనీకి మారుతోంది, మీరు కోరుకోకపోతే ఇక్కడ నొక్కండి’ అన్న మాట, కింద పెద్ద బటన్. టెన్షన్‌లో ఆ బటన్ నొక్కేస్తారు. అంటే సొంత ట్రాన్స్‌ఫర్‌ని సొంత చేత్తో రద్దు చేసుకున్నట్టు. ఆ మెయిల్ వచ్చినప్పుడు రెండే పనులు. త్వరగా కావాలంటే ఒప్పుకునే లింక్ నొక్కండి, చాలా రిజిస్ట్రార్లు అప్పటికప్పుడు వదిలేస్తారు. లేదంటే ఏమీ చేయకండి, అయిదు రోజులకు దానంతటదే వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ పెట్టింది మీరు కాకపోతే మాత్రం ఆ పెద్ద బటనే మీ ఆఖరి అవకాశం. ఆ మెయిల్ మీరు ఎప్పుడూ తెరవని పాత అడ్రస్‌కి వెళ్తే ఏమవుతుందో ఊహించుకోండి. మౌనం అంగీకారం.

ఇప్పుడు పాతవాడు ఎప్పుడు కాదనొచ్చో చూద్దాం. పేరు కొత్తగా కొని 60 రోజులు కాకపోతే, లేదా ఈమధ్యే ఒకసారి మారి 60 రోజులు కాకపోతే కాదనొచ్చు. కోర్టు ఆర్డర్ ఉన్నా, ఆ పేరు మీద వివాదం విచారణలో ఉన్నా ఆపాలి. మోసం జరిగిందన్న ఆధారం ఉంటే, అడిగేవాడు ఎవరన్నదానిపై న్యాయమైన అనుమానం ఉంటే, గడిచిన కాలానికి డొమైన్ డబ్బు బాకీ ఉంటే ఆపొచ్చు. హోస్టింగ్ బాకీ ఆ జాబితాలో లేదు. వెబ్‌సైట్ డిజైన్ బాకీ లేదు. బాకీ బాకీయే, అది వేరే వసూలు చేసుకోవాలి. దానికి డొమైన్‌ని పట్టుకుని కూర్చోవడం కుదరదు. ఈ 60 రోజుల్ని 30కి తగ్గించాలనీ, కోడ్‌కి 14 రోజుల గడువు పెట్టాలనీ ఐకాన్‌లో సిఫారసులు తయారయ్యాయి. అవి అమల్లోకి వచ్చేదాకా మన లెక్క 60 రోజులే.

ఇంకో 60 రోజులు ఉన్నాయి, అవి మనవాళ్లను ఎక్కువ ఏడిపిస్తాయి. 2016 డిసెంబరు నుంచి యజమాని పేరు, సంస్థ పేరు, ఈమెయిల్, వీటిలో ఏది మార్చినా 60 రోజుల లాక్ పడుతుంది. ఆ లాక్ వద్దని ముందే చెప్పుకునే వీలు కొందరు రిజిస్ట్రార్లు ఇస్తారు, అందరూ ఇవ్వరు. మంచి పద్ధతిగా ఉందామని ముందు పాత జీమెయిల్ తీసి కొత్తది పెడతారు, ఆ మర్నాడు ట్రాన్స్‌ఫర్ పెడతారు. ఇక రెండు నెలలు కూర్చోవాల్సిందే. పాత మెయిల్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే ముందు ట్రాన్స్‌ఫర్ చేసుకుని, కొత్త చోట తీరిగ్గా మార్చుకోండి. తెరుచుకోకపోతే వేరే దారి లేదు, మార్చి ఆగండి. దీనికోసమే గడువుకి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టమని చెబుతాను.

ఈమెయిల్ గురించే ఇంకొక్కటి. మీ షాపు పేరే డొమైన్ అనుకోండి, రిజిస్ట్రేషన్‌లోనూ ఆ డొమైన్ మీది ఇన్‌ఫో అడ్రస్సే ఇచ్చారు. చూడ్డానికి ప్రొఫెషనల్‌గా ఉంటుంది. డొమైన్ గడువు తీరింది, వెబ్‌సైట్ ఆగింది, దానితోపాటు మెయిలూ ఆగింది. కోడ్ పంపాం అంటాడు రిజిస్ట్రార్. ఎక్కడికి? ఆగిపోయిన అడ్రస్‌కే. పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ అక్కడికే. డొమైన్ రిజిస్ట్రేషన్‌కి ఆ డొమైన్‌తో సంబంధం లేని మెయిల్ పెట్టండి. అది యజమానిది అయ్యుండాలి. మేనేజర్‌ది కాదు, ఆరునెలల్లో మానేసే అబ్బాయిది అంతకన్నా కాదు.

ఇక వెబ్‌సైట్ ఆగిపోతుందేమోనన్న భయం. ట్రాన్స్‌ఫర్‌లో నేమ్‌సర్వర్లు, అంటే మీ డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు, మారవు. ఉన్నవి ఉన్నట్టే కొత్త రిజిస్ట్రార్‌కి వస్తాయి. అయినా కొందరి సైట్లు పడిపోతాయి, ఎందుకు? పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన నేమ్‌సర్వర్లనే వాళ్లు వాడుతూ ఉంటారు. కస్టమర్ వెళ్లిపోయాక ఆ ఉచిత సేవ వాడెందుకు నడపాలి? కొన్నాళ్లకు తీసేస్తాడు. సైట్ పడితే కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. మెయిల్ ఆగితే ఎవరికీ కనిపించదు. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి ఇలాగే జరిగింది. సైట్ రికార్డు కొత్తచోట పెట్టారు, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పెట్టడం మర్చిపోయారు. సైట్ బ్రహ్మాండంగా నడుస్తోంది, రిపోర్టుల కోసం పేషెంట్లు రాసే మెయిళ్లు మాత్రం గాల్లో. ఈవారం మెయిళ్లు తక్కువ వచ్చాయనుకున్నారు పాపం.

కాబట్టి పాత రిజిస్ట్రార్ నేమ్‌సర్వర్లు వాడేవాళ్లు వరస ఇలా పెట్టుకోండి. పాత చోట డీఎన్ఎస్ పేజీ తెరిచి ఉన్న రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ కాదు, టెక్స్ట్‌గా రాసుకోండి. సైట్ ఎక్కడుందో చెప్పే ‘ఏ’ (A) రికార్డులు, ఎంఎక్స్, మెయిల్ స్పామ్‌లోకి పోకుండా పెట్టిన టీఎక్స్‌టీ రికార్డులు, అన్నీ. కొత్త డీఎన్ఎస్‌లో వాటిని పెట్టి, అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చండి. డాట్ కామ్‌లో నేమ్‌సర్వర్ల సమాచారం రెండు రోజులదాకా అక్కడక్కడ నిలవ ఉంటుంది, అంతవరకూ పాత డీఎన్ఎస్‌ని ముట్టుకోవద్దు. డీఎన్ఎస్‌సెక్, అంటే డీఎన్ఎస్ జవాబు అసలైనదో కాదో సరిచూసే రక్షణ, పెట్టినవాళ్లు ముందు దాని డీఎస్ రికార్డు తీసేసి, ఒక రోజు ఆగి, ఆ తర్వాత నేమ్‌సర్వర్ల జోలికెళ్లండి. లేకపోతే కొందరికి సైట్ తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు, కారణం పట్టుకోలేక మీకు పిచ్చెక్కుతుంది. ఇవన్నీ కుదురుకున్నాక ట్రాన్స్‌ఫర్ పెట్టండి. పెండింగ్‌లో ఉన్న అయిదు రోజుల్లో నేమ్‌సర్వర్లు మార్చడం కుదరదు.

డబ్బు సంగతి చెప్పి ప్రశ్నలకు వెళ్దాం. డాట్ కామ్ ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటే ఒక ఏడాది రెన్యువల్ అన్నమాటే, ఉన్న గడువుకి ఏడాది కలుస్తుంది. మొత్తం పదేళ్లు దాటకూడదు. అయితే ఒక మెలిక ఉంది. గడువు రోజున పాత రిజిస్ట్రార్ ఆటో రెన్యువల్ చేసి మీ కార్డులోంచి డబ్బు తీసుకున్నాడనుకోండి. ఆ తర్వాత 45 రోజుల్లోపు మీరు వేరేచోటికి మారితే రిజిస్ట్రీ ఆ ఆటో రెన్యువల్‌ని రద్దు చేసి పాత రిజిస్ట్రార్‌కే సొమ్ము తిరిగిస్తుంది. మీకు దక్కేది కొత్తచోట కట్టిన ఒక్క ఏడాదే. పాతచోట కట్టింది మీకు తిరిగొస్తుందా లేదా అన్నది వాడి మంచితనం. గడువుకి ముందే మారండి, లేదా ఆ 45 రోజులు పోనివ్వండి.

ప్రశ్న: సర్, మాది డాట్ ఇన్. దీనికీ ఇవే రూల్సా?

కాదమ్మా. డాట్ ఇన్ మన దేశపుది, నిక్సీ అనే మన దేశ సంస్థ చూస్తుంది. ఐకాన్ ట్రాన్స్‌ఫర్ విధానం దానికి వర్తించదు. లాక్, కోడ్ అనే పద్ధతి అక్కడా ఉంది కాబట్టి చేసే పని ఇంచుమించు అలాగే ఉంటుంది. ఫిర్యాదు మాత్రం నిక్సీకే వెళ్లాలి. ప్రతి దేశానికీ ఒక పద్ధతి. లండన్‌లో ఉన్న మనవాళ్లు డాట్ యూకే పేరు మార్చాలంటే ఎన్నో ఏళ్లు కోడ్ అనేదే లేదు. ప్రతి రిజిస్ట్రార్‌కీ ఒక ట్యాగ్ ఉండేది, పాత రిజిస్ట్రార్ కొత్తవాళ్ల ట్యాగ్‌కి మార్చేస్తే అయిపోయేది. వెంటనే మారేది, ఏడాది కలిసేది కాదు.

ప్రశ్న: మా రిజిస్ట్రారే మూతపడితే మా పేరు గతేంటండీ?

పేరు పోదు. 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అని ఒక రిజిస్ట్రార్ అధ్వానంగా నడిచి గుర్తింపు పోగొట్టుకుంది. దాని దగ్గరున్న లక్షల పేర్లను ఐకాన్ మూకుమ్మడిగా గోడాడీ అనే ఇంకో రిజిస్ట్రార్‌కి మార్పించింది. రిజిస్ట్రార్లందరూ కస్టమర్ల వివరాలను బయట మూడో చోట భద్రపరచాలన్న రూల్‌ని గట్టిగా అమలు చేయడం ఆ దెబ్బతోనే మొదలైంది. 2023లో గూగుల్ తన డొమైన్ వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్ అనే కంపెనీకి అమ్మినప్పుడు కూడా పేర్లన్నీ అలాగే గుత్తగా వెళ్లాయి, ఎవరూ కోడ్ తెచ్చుకోనక్కర్లేకపోయింది. అలా మారినప్పుడు కొత్త కంపెనీ దగ్గర మీ అకౌంట్ మీరే తెరిచి పాస్‌వర్డ్ పెట్టుకోండి, ఆలస్యం చేయకండి. ఆ మారిన పేర్లలో కొన్ని క్రిప్టో కంపెనీలవి 2024 జులైలో దొంగలపాలయ్యాయి.

ప్రశ్న: మా డొమైన్ డిజైనర్ అకౌంట్లో ఉందండి. ఫోన్ ఎత్తడం లేదు. మేమేం చేయాలి?

దీనికోసమే ఎదురుచూస్తున్నా. ముందు ఆర్‌డాప్‌లో చూసి అసలు రిజిస్ట్రార్ ఎవరో తెలుసుకోండి, డిజైనర్ చెప్పిన పేరు కాదు. తర్వాత ఆ రిజిస్ట్రార్‌కి రాసి యజమానిగా ఎవరి పేరు ఉందో అడగండి. అందులో మీ సంస్థ పేరు, మీ ఈమెయిల్ ఉంటే అకౌంట్ ఎవరిదైనా పేరు మీదే. జీఎస్టీ సర్టిఫికెట్, డబ్బు కట్టిన రసీదులు పెట్టి కోడ్ అడగండి. రీసెల్లర్ పలకకపోతే పలకాల్సిన బాధ్యత రిజిస్ట్రార్‌ది. అయిదు రోజుల్లో ఇవ్వకపోతే ఐకాన్‌లో కంప్లయన్స్ విభాగానికి ట్రాన్స్‌ఫర్ ఫిర్యాదు పెట్టండి, దానికి ఫీజు లేదు. ఐకాన్ పేరు చూసేసరికి చాలా రిజిస్ట్రార్లు కదులుతారు.

యజమాని పేరు దగ్గర కూడా డిజైనర్‌దే ఉంటే మాత్రం కష్టం. రూల్ ప్రకారం అది అతని పేరే, ఐకాన్ మీ తరఫున మాట్లాడదు. అతనితో మాట్లాడుకోవాలి, లేదా లాయర్ నోటీసు. ఇక్కడున్న డిజైనర్లు నన్ను తిట్టుకున్నా సరే, కస్టమర్ డొమైన్ కస్టమర్ పేరు మీదే, కస్టమర్ మెయిల్ మీదే కొనండి. మీకు అకౌంట్లో పనిచేసే హక్కు ఇప్పించుకోండి, చాలాచోట్ల ఆ వీలు ఉంది.

ప్రశ్న: గడువు తీరి నెల దాటిందండి. ఇప్పుడు మార్చుకోవచ్చా?

స్టేటస్‌లో ఏముందో ఇప్పుడే చూడండి, ఫోన్ తీయండి. ‘రిడెంప్షన్ పీరియడ్’ అని ఉందా? అయితే ట్రాన్స్‌ఫర్ కుదరదు. 30 రోజుల్లోపు పాత రిజిస్ట్రార్ దగ్గరే అపరాధ రుసుము కట్టి విడిపించుకోవాలి. రుసుము ఎక్కువే ఉంటుంది, బేరమాడి చూడండి. అది దాటితే అయిదు రోజులు ‘పెండింగ్ డిలీట్’, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు, ఆ తర్వాత పేరు ఎవరికి దొరికితే వాళ్లది. ఏముందండీ స్టేటస్‌లో? ఇంకా రిడెంప్షన్ రాలేదా? అయితే టీ తర్వాత, ముందు వెళ్లి రెన్యూ చేసి రండి.